గెటిస్‌బర్గ్ ఇంటివాళ్ళు: అమెరికా అంతర్యుద్ధంలో ఆడమ్స్ కౌంటీ పంపిన దళాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాషింగ్టన్, బాల్టిమోర్, హారిస్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు గెటిస్‌బర్గ్ ఒక పూట ప్రయాణం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, కొత్తగా చదువుకు పిల్లలు వచ్చినా ఓ శనివారం అక్కడికి తీసుకెళ్తాం. ఫిరంగుల పక్కన ఫొటోలు దిగుతాం, లింకన్ ప్రసంగించిన చోటు చూస్తాం, సాయంత్రానికి ఇంటికొస్తాం. వచ్చేటప్పుడు కారులో ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంతకీ ఈ ఊరివాళ్ళు ఏం చేశారు? ఈ యుద్ధంలో వాళ్ళెవరూ లేరా?" ఈ పేజీ మొత్తం ఆ ప్రశ్న నుంచి పుట్టిందే. 1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వం గొడవ మీద చేసుకున్న యుద్ధం అది. పెన్సిల్వేనియా ఉత్తరాది వైపు. 1863 జులై 1 నుంచి 3 దాకా గెటిస్‌బర్గ్‌లో జరిగింది అందులో ఒక పెద్ద పోరు.

ఆడమ్స్ కౌంటీ ఎక్కడుంది? అప్పట్లో ఎలా ఉండేది?

పెన్సిల్వేనియా రాష్ట్రానికి దక్షిణపు అంచున, మేరీల్యాండ్‌ను ఆనుకుని ఉంటుంది. 1800లో యార్క్ కౌంటీని విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి, కాకపోతే బాగా చిన్నది. 1860 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తానికి 28,006 మంది. అంటే మన దగ్గర ఒక పెద్ద మేజర్ పంచాయతీలో ఉండేంత జనం. కౌంటీ కేంద్రమైన గెటిస్‌బర్గ్‌లో సుమారు 2,400 మంది.

మిగతాదంతా పొలాలే. గోధుమ, మొక్కజొన్న, రాతి గోడల మీద లేపిన పెద్ద పెద్ద కొట్టాలు, జర్మన్ మూలాల రైతులు, స్కాట్లాండ్-ఐర్లాండ్ మూలాల రైతులు. ఊళ్ళో చెప్పుకోదగ్గ పరిశ్రమ గుర్రపు బగ్గీల తయారీ. ఆ బగ్గీలు కొనేది ఎక్కువగా దక్షిణాది వాళ్ళు, అంటే మేరీల్యాండ్, వర్జీనియా జనం. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద వచ్చే వెస్ కల్ప్ అనే ఊరి కుర్రాడి కథలో మళ్ళీ పనికొస్తుంది. ఒక కాలేజీ, ఒక లూథరన్ సెమినరీ (పాదిరీలను తయారుచేసే బడి) కూడా ఉండేవి. నలుదిక్కుల నుంచీ రోడ్లు వచ్చి ఊళ్ళో కలిసేవి. రెండు సైన్యాలు అక్కడే ఎదురుపడటానికి ఆ రోడ్లే కారణం.

కంపెనీ, రెజిమెంటు అంటే ఏమిటి? ఒకే ఊరివాళ్ళు ఒకే కంపెనీలో ఎందుకు ఉండేవాళ్ళు?

కాగితం మీద ఒక కంపెనీకి సుమారు 100 మంది. పది కంపెనీలు కలిస్తే ఒక రెజిమెంటు, అంటే వెయ్యి మంది. కొన్ని నెలలు గడిచేసరికి జ్వరాలకు, తూటాలకు ఆ వెయ్యి మంది నాలుగైదు వందలకు పడిపోయేవాళ్ళు.

మనుషుల్ని పోగేసే పని రాష్ట్ర గవర్నర్లది. పెన్సిల్వేనియా గవర్నర్ ఆండ్రూ కర్టిన్ పిలుపిస్తే ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక లాయరో, దుకాణదారో, మోతుబరి రైతో కోర్టు దగ్గర సభ పెట్టి పేర్లు రాయించుకునేవాడు. వంద పేర్లు రాగానే అది కంపెనీ. కెప్టెన్ ఎవరన్నది చాలాసార్లు వాళ్ళే ఓటేసి తేల్చుకునేవాళ్ళు. అందుకే కంపెనీ అంటే సగం చుట్టరికం, సగం కలిసి చదివిన బడి. అన్నదమ్ములు, బావమరుదులు, ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు పక్కపక్కన నిలబడేవాళ్ళు. ధైర్యం సడలకుండా ఉండటానికి ఇది పనికొచ్చేది. పారిపోతే ఊళ్ళో తెలిసిపోతుంది మరి. నష్టం కూడా అలాగే ఉండేది: ఒక్క మధ్యాహ్నపు పోరులో ఒక వీధిలో నాలుగిళ్ళకు చావు కబురు వచ్చేది.

ఈ కౌంటీ నుంచి మొట్టమొదట వెళ్ళినవాళ్ళు ఎవరు?

ఇండిపెండెంట్ బ్లూస్. యుద్ధానికి ముందే గెటిస్‌బర్గ్‌లో ఉన్న మిలీషియా, అంటే మామూలు పౌరులే కట్టుకున్న సైనిక బృందం ఇది. యూనిఫారాలు వేసుకుని పండగలకు కవాతు చేయడమే అప్పటిదాకా వాళ్ళ పని. 1861 ఏప్రిల్‌లో కేంద్రం చేతిలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాది కాల్పులు జరపగానే అధ్యక్షుడు లింకన్ 75,000 మందిని మూడు నెలల కోసం పిలిచాడు. చార్ల్స్ బ్యూలర్ కెప్టెన్‌గా వీళ్ళు 2వ పెన్సిల్వేనియా రెజిమెంటులో కంపెనీ ఇ అయ్యారు. పెద్ద పోరాటమేదీ చూడకుండానే గడువు ముగించుకుని జులైలో ఇంటికొచ్చేశారు. మూడు నెలల్లో అంతా తేలిపోతుందని అప్పట్లో అందరూ నమ్మారు. తేలడానికి నాలుగేళ్ళు పట్టింది.

"పెన్సిల్వేనియా రిజర్వ్స్" అంటే వెనక ఉండే దళమా? రెండు నంబర్లు ఎందుకు కనిపిస్తాయి?

పేరు చూసి చాలామంది మోసపోతారు. వీళ్ళు వెనక కూర్చున్నవాళ్ళు కారు, ఉత్తరాది సైన్యంలో ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్ళలో ఒకరు.

1861లో కేంద్రం అడిగిన దానికంటే ఎక్కువమంది పేర్లు ఇచ్చారు. మిగిలినవాళ్ళను ఇళ్ళకు పంపడం కర్టిన్‌కు ఇష్టం లేదు. రాష్ట్ర ఖర్చుతోనే 15 రెజిమెంట్లను శిక్షణలో ఉంచడానికి శాసనసభను ఒప్పించాడు. రిజర్వ్ అన్న పేరు అలా వచ్చింది. జులైలో బుల్ రన్ దగ్గర ఉత్తరాది సైన్యం ఓడి చెల్లాచెదురు కాగానే వాషింగ్టన్ వీళ్ళను ఆదరాబాదరాగా పిలిపించుకుంది. అప్పుడు కేంద్రం లెక్కలో కొత్త నంబర్లు పడ్డాయి. అందుకే 1వ రిజర్వ్స్, 30వ పెన్సిల్వేనియా అన్నవి రెండూ ఒకే రెజిమెంటు. అలాగే 21వ పెన్సిల్వేనియా అశ్విక దళమే 182వ రెజిమెంటు. రికార్డులు వెతికేటప్పుడు ఈ తికమక లేకుండా చూసుకోండి.

ఆ 1వ రిజర్వ్స్‌లో కంపెనీ కె గెటిస్‌బర్గ్ వాళ్ళది. మొదటి కెప్టెన్ ఎడ్వర్డ్ మెక్‌ఫర్సన్. అప్పటికి ఆయన కాంగ్రెస్ సభ్యుడు కూడా. కొన్ని నెలలకే కెప్టెన్ పదవి వదిలేసి రాజకీయాలకు వెళ్ళిపోయాడు. ఊరికి పడమట ఉన్న ఆయన పొలం మీదే 1863 జులై 1న గెటిస్‌బర్గ్ పోరు మొదలైంది. మెక్‌ఫర్సన్ కొట్టం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన తర్వాత జాన్ బెయిలీ, ఆ తర్వాత హెన్రీ మిన్నిగ్ కెప్టెన్లయ్యారు. 1862లో ఈ కంపెనీ రిచ్‌మండ్ బయట ఏడు రోజుల పోరాటాలు, రెండో బుల్ రన్, సౌత్ మౌంటెన్, ఆంటియటం, ఫ్రెడరిక్స్‌బర్గ్ అన్నీ చూసింది. బాగా నలిగిపోయారని 1863 ఆరంభంలో వాళ్ళ డివిజన్‌ను వాషింగ్టన్ కాపలాకు పంపారు.

87వ రెజిమెంటు రైలు పట్టాలకు కాపలా కాసిందట కదా, అదీ ఒక సేవేనా?

ఇది కాస్త వెటకారంగా అడుగుతారు, అప్పట్లో కూడా అడిగేవారు. మూడు నెలలు ముగించుకుని వచ్చిన బ్లూస్‌లో చాలామంది 1861 సెప్టెంబరులో మళ్ళీ మూడేళ్ళకు చేరారు. యార్క్, ఆడమ్స్ కౌంటీల వాళ్ళతో 87వ పెన్సిల్వేనియా తయారైంది. గెటిస్‌బర్గ్ వాళ్ళు అందులో కంపెనీ ఎఫ్. మొదట్లో వీళ్ళ పని బాల్టిమోర్ నుంచి ఉత్తరానికి వచ్చే నార్దర్న్ సెంట్రల్ రైలు మార్గానికి కాపలా. ఆ పట్టాలు తెగితే వాషింగ్టన్‌కు సరుకు రావడం కష్టం, కాబట్టి పనికిమాలిన ఉద్యోగం కాదు. కానీ ఇంటికి రాసే ఉత్తరంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏముంటుంది?

ఆ లోటు 1863 జూన్‌లో తీరింది. దక్షిణాది సేనాని లీ సైన్యం ఉత్తరానికి కదులుతూ వర్జీనియాలోని వించెస్టర్ దగ్గర వీళ్ళున్న మిల్‌రాయ్ దళాన్ని చుట్టేసింది. జూన్ 13 నుంచి 15 దాకా పోరాటం. సుమారు 4,000 మంది పట్టుబడ్డారు. తప్పించుకున్నవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. కొందరు ఉత్తరాన బ్లడీ రన్ అనే ఊరి దాకా పోయారు. ఆ ఊరి పేరు ఇప్పుడు ఎవరెట్. 1864లో ఈ రెజిమెంటు విల్డర్‌నెస్, కోల్డ్ హార్బర్, మనాకసీ పోరాటాల్లో నిలబడింది. ఆ జూన్‌లో పీటర్స్‌బర్గ్ దగ్గర రైలు మార్గం కోసం జరిగిన పోరులో పట్టుబడినవాళ్ళలో కొందరు జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరసాలకు చేరారు. రైలు కాపలా వాళ్ళన్న పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తి ఉండరు.

అందరూ ఇష్టపడే వెళ్ళారా?

లేదు. స్మారకాలన్నీ వాలంటీర్లవే కాబట్టి అలా అనిపిస్తుంది.

1862 వేసవికి ఉత్సాహం చల్లబడింది. ఆ ఆగస్టులో 138వ రెజిమెంటు కోసం కౌంటీ నుంచి ఇంకా మనుషులు దొరికారు గానీ, లింకన్ తొమ్మిది నెలల మిలీషియాకు 3,00,000 మందిని అడిగేసరికి చీటీలు తీయాల్సి వచ్చింది. అక్టోబరులో పెన్సిల్వేనియాలో డ్రాఫ్ట్ జరిగింది. అలా చీటీ పడినవాళ్ళతో 165వ రెజిమెంటు వచ్చింది. దానికి కర్నల్, మన పాత బ్లూస్ కెప్టెన్ బ్యూలరే. చేరికలు మొదలైన రోజున ముందున్న మనిషే బలవంతపు దళానికీ పెద్దయ్యాడు. వీళ్ళు వర్జీనియాలోని సఫోక్ ప్రాంతంలో గడువు గడిపి 1863 జులై 28న విడుదలయ్యారు.

1863 మార్చి చట్టం వచ్చాక చీటీ పడినవాడు 300 డాలర్లు కట్టి తప్పించుకోవచ్చు, లేదా తన బదులు ఇంకొకరిని పంపవచ్చు. సిపాయి నెల జీతం 13 డాలర్లు. అంటే 300 డాలర్లు దాదాపు రెండేళ్ళ జీతం. డబ్బున్నవాడి కొడుకు ఇంట్లో, లేనివాడి కొడుకు కందకంలో అన్న గొడవ అక్కడ కూడా గట్టిగానే నడిచింది.

వీళ్ళు కాక మతం ప్రకారం ఆయుధం పట్టనివాళ్ళున్నారు. కౌంటీ ఉత్తర భాగంలో మెనాలెన్ వైపు క్వేకర్లు, ఇంకా డంకర్లని పిలిచే జర్మన్ బ్రెద్రెన్. బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించిన క్వేకర్లకు యుద్ధం చేయడమూ పాపమే. రాజకీయంగానూ కౌంటీ ఏకతాటి మీద లేదు. డెమోక్రాట్ల పత్రిక కంపైలర్, రిపబ్లికన్ల పత్రికలు వారం వారం తిట్టుకునేవి. గెటిస్‌బర్గ్ పోరు అయిపోయాక కంపైలర్ సంపాదకుడు స్టేలీని, దాక్కున్న ఉత్తరాది అధికారిని శత్రువుకు పట్టించాడన్న ఆరోపణ మీద ఫోర్ట్ మెక్‌హెన్రీ చెరకు పట్టుకెళ్ళారు. ఊళ్ళో పాత కక్షలు యుద్ధం పేరుతో తీర్చుకోవడం మనకు తెలియనిదేమీ కాదు.

మరి యుద్ధం సొంత ఊరికే వచ్చిన ఆ రోజుల్లో వీళ్ళంతా ఎక్కడున్నారు?

ఈ పేజీలో నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు కాస్త చేదుగా ఉంటుంది. ఆడమ్స్ కౌంటీ రెండేళ్ళుగా పెంచి పంపిన సిపాయిల్లో చాలామంది 1863 జూన్ ఆఖరి వారంలో ఇంటి దగ్గర తప్ప ఎక్కడెక్కడో ఉన్నారు. 87వ వాళ్ళు వించెస్టర్ దెబ్బకు చెదిరిపోయి ఉన్నారు. 165వ దళం ఆగ్నేయ వర్జీనియాలో. 138వ దళం హార్పర్స్ ఫెర్రీ వైపు సరుకుల కాపలాలో. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, కాలేజీ విద్యార్థులు, కోతకొచ్చిన గోధుమ.

138వ దళంలో పీటర్ థార్న్ అనే ఆయన ఉండేవాడు. ఊరి కొండ మీద ఎవర్‌గ్రీన్ శ్మశానానికి కాపలాదారు ఆయన. ఆయన వెళ్ళాక భార్య ఎలిజబెత్ ఆ పని చూసుకుంటోంది. యుద్ధం ఆ శ్మశానం మీదే నడిచింది. పోరు ఆగాక ఆరో నెల గర్భంతో, ముసలి తండ్రి సాయంతో, జులై ఎండలో ఆమె సుమారు వంద మంది సైనికులకు గోతులు తవ్వి పూడ్చింది. ఆ సమయంలో భర్త రాష్ట్రంలోనే లేడు. నన్నడిగితే 138వ దళం చరిత్ర రాసేటప్పుడు మొదటి పేజీ ఆవిడకివ్వాలి.

కాలేజీ కుర్రాళ్ళు యుద్ధం చేశారంటారు, నిజమేనా?

నిజమే. చేశారనడం కన్నా చేయబోయారనడం సరి.

జూన్ 15న లింకన్ పెన్సిల్వేనియా నుంచి 50,000 మంది మిలీషియాను అడిగాడు. జనం వెనకాడారు. ఆరు నెలలు ఉంచేస్తారేమోనని ఒక భయం, కోతలు ముందున్నాయని ఇంకో బెంగ. అయినా గెటిస్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా కాలేజీ విద్యార్థులు, సెమినరీ వాళ్ళు, కొందరు ఊరి కుర్రాళ్ళు కలిసి హారిస్‌బర్గ్ వెళ్ళి 26వ ఎమర్జెన్సీ మిలీషియాలో కంపెనీ ఎ అయ్యారు. కెప్టెన్ ఫ్రెడరిక్ క్లైన్‌ఫెల్టర్ కూడా సెమినరీ విద్యార్థే. జూన్ 22న వీళ్ళను సైనికుల పట్టీలోకి ఎక్కించారు. 24న రైల్లో గెటిస్‌బర్గ్ పంపితే దారిలో ఆ రైలు ఒక ఆవును గుద్ది పట్టాలు తప్పింది. రెండు రోజులు అక్కడే ఆగిపోయారు.

26న వానలో ఊరు చేరారు. ఊరి బాధ్యత చూస్తున్న మేజర్ హాలర్ వాళ్ళను పడమటి రోడ్డున మార్ష్ క్రీక్ దాకా వెళ్ళమన్నాడు. కర్నల్ జెన్నింగ్స్ అభ్యంతరం చెప్పినా వినలేదు. ఎదురుగా వస్తున్నది దక్షిణాది సేనాని జుబల్ ఎర్లీ డివిజన్, రెండేళ్ళుగా యుద్ధాల్లో రాటుదేలిన వేలమంది. ఇటువైపున్నది ఏడు వందల పైచిలుకు, యూనిఫారం తొడిగి నాలుగు రోజులైనవాళ్ళు. జెన్నింగ్స్ తెలివైనవాడు, చూడగానే వెనక్కి తిప్పాడు. విట్మర్ అనే రైతు పొలం దగ్గర కాసేపు కాల్పులు జరిగాయి. దారి పొడుగునా సుమారు 175 మంది పట్టుబడ్డారు, మిగతావాళ్ళు తడిసి ముద్దై హారిస్‌బర్గ్ చేరారు. పట్టుబడినవాళ్ళను ఎర్లీ చూసి, దెబ్బలు తగలకముందే అమ్మ దగ్గరికి పొండని వెక్కిరించి వదిలేశాడని చెప్తారు.

ఆ సాయంత్రమే ఎర్లీ ఊళ్ళోకి వచ్చి 1,000 జతల బూట్లు, 500 టోపీలు, పిండి, పంది మాంసం, పంచదార, కాఫీ, ఉల్లిపాయలు ఇమ్మని జాబితా ఇచ్చాడు. లేదంటే 10,000 డాలర్లు. ఊరి కౌన్సిల్ పెద్ద డేవిడ్ కెండల్‌హార్ట్ అంత ఇవ్వడం మా తరం కాదని మర్యాదగా జవాబు రాశాడు. వ్యాపారులు తమ సరుకు ముందే దాటించేశారు లెండి.

ఈ కుర్రాళ్ళను చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ దళంలో సాధారణ సిపాయిగా నడిచిన శామ్యూల్ పెన్నిప్యాకర్ నలభై ఏళ్ళ తర్వాత అదే రాష్ట్రానికి గవర్నరయ్యాడు.

గెటిస్‌బర్గ్‌లో మొదట చనిపోయిన ఉత్తరాది సైనికుడు స్థానికుడేనా?

అవును, జార్జ్ శాండో. రాబర్ట్ బెల్ అనే రైతు ఆ జూన్‌లోనే ఆడమ్స్ కౌంటీ రైతుబిడ్డల్ని, వాళ్ళ సొంత గుర్రాల్ని పోగేసి ఒక అశ్విక కంపెనీ కట్టాడు. దారులు తెలిసినవాళ్ళు కాబట్టి శత్రువు జాడ చూడటం వాళ్ళ పని. జూన్ 26న శాండో, అతని స్నేహితుడు బాల్టిమోర్ రోడ్డు మీద వర్జీనియా అశ్విక దళానికి ఎదురుపడ్డారు. స్నేహితుడు గుర్రంతో కంచె దూకి తప్పించుకున్నాడు, శాండోకు తూటా తగిలింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, కొత్తగా పెళ్ళైనవాడు. అసలు యుద్ధానికి ఇంకా ఐదు రోజులుంది.

బెల్ కంపెనీ తర్వాత 21వ పెన్సిల్వేనియా అశ్విక దళంలో కంపెనీ బి అయింది. 1864లో గుర్రాలు తీసేసుకుని నడిపించారు, కోల్డ్ హార్బర్‌లో కాల్బలంగా పోరాడారు, శరదృతువులో మళ్ళీ గుర్రాలిచ్చారు.

అయితే ఆ మూడు రోజుల పోరులో కౌంటీవాళ్ళ దళం ఒక్కటీ లేదా?

ఉంది. కంపెనీ కె. వాషింగ్టన్ కాపలాలో ఉన్న రిజర్వ్స్, లీ తమ రాష్ట్రంలోకి అడుగుపెట్టాడని తెలిసి మమ్మల్నీ పంపమని అడిగి మరీ వచ్చారు. జూన్ ఆఖర్లో మేరీల్యాండ్‌లో సైన్యాన్ని కలుసుకుని, జులై 2 నాటికి క్రాఫర్డ్ డివిజన్‌లో భాగంగా లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట దగ్గరికి చేరారు. సాయంత్రం గోధుమ చేను దగ్గర ఉత్తరాది వరస చెదిరిపోయింది, వెనకే శత్రువు వస్తున్నాడు. అప్పుడు మెక్‌క్యాండ్లెస్ బ్రిగేడ్‌తో కలిసి ఈ కుర్రాళ్ళు గుట్ట దిగి, ప్లమ్ రన్ వాగు దాటి, అవతలి రాతిగోడ దాకా తరుముకుంటూ వెళ్ళారు.

ఆ నేల వాళ్ళకు కొత్త కాదు. ఊరు అక్కడికి రెండు మైళ్ళు. కానీ జులై 1 సాయంత్రం నుంచి 4వ తేదీ తెల్లవారుజాము దాకా ఊరు శత్రువు చేతిలో ఉంది. తల్లిదండ్రులు నేలమాళిగల్లో, కొడుకులు కనుచూపు మేరలో రాతిగోడ వెనక. ఏడాది తర్వాత, 1864 జూన్‌లో గడువు తీరి కంపెనీ విడుదలైంది. చివరి పోరాటం మే 30న బెథెస్డా చర్చి దగ్గర.

స్కెల్లీ, జెన్నీ వేడ్, వెస్ కల్ప్ కథలో నిజమెంత?

మనవాళ్ళకు వెంటనే నచ్చే కథ ఇది, సినిమాలా ఉంటుంది. ముగ్గురూ గెటిస్‌బర్గ్ పిల్లలే. వెస్ కల్ప్ బగ్గీల పనివాడు. యజమాని వ్యాపారాన్ని వర్జీనియాలోని షెపర్డ్స్‌టౌన్‌కు మారిస్తే అతనితో వెళ్ళాడు. అక్కడి మిలీషియాలో స్నేహితులతో కలిశాడు. యుద్ధం రాగానే ఆ మిలీషియా దక్షిణాది తరఫున 2వ వర్జీనియా రెజిమెంటులో చేరింది, ఇతనూ చేరాడు. అన్న విలియం మాత్రం 87వ పెన్సిల్వేనియాలో. వించెస్టర్‌లో రెండు రెజిమెంట్లూ ఎదురెదురుగా ఉన్నాయి.

జాక్ స్కెల్లీ 87వ దళంలో కంపెనీ ఎఫ్ కార్పొరల్. జూన్ 15న గాయపడి పట్టుబడ్డాడు. వెస్ అతన్ని చూశాడనీ, జెన్నీ వేడ్‌కు ఇమ్మని ఒక కబురు మోసుకెళ్ళాడనీ చెప్తారు. గాయం, ముగ్గురి చావు నమోదైన నిజాలు. కబురు మాత్రం ఊరి నోట నిలిచిన మాట, అంతవరకే నమ్మండి. వెస్ జులై మొదట్లో కల్ప్స్ హిల్ దగ్గర చనిపోయాడు, ఆ కొండ వాళ్ళ బంధువుదే. శవం దొరకలేదు. జులై 3 పొద్దున అక్క ఇంట్లో రొట్టెకు పిండి కలుపుతుండగా తలుపులోంచి దూసుకొచ్చిన తూటాకు జెన్నీ పోయింది. పోరు నడుస్తుండగా చనిపోయిన ఒకే ఒక్క పౌరురాలు ఆమె. వయసు 20. స్కెల్లీ జులై 12న పోయాడు. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరి సంగతి పూర్తిగా తెలియలేదు.

జాన్ బర్న్స్ ఏ దళంవాడు?

ఏ దళంవాడూ కాడు. 1812 యుద్ధం చేసిన, డెబ్భైకి దగ్గరపడ్డ పెద్దాయన. జులై 1న పాత తుపాకీ పట్టుకుని నడిచి వెళ్ళి 150వ పెన్సిల్వేనియా వాళ్ళతోనూ, విస్కాన్సిన్ వాళ్ళతోనూ కలిసి కాల్చాడు. మూడు గాయాలు తగిలినా బతికాడు. నవంబరులో లింకన్ వచ్చినప్పుడు ఆయన పక్కన చర్చికి నడిచాడు.

కౌంటీలోని నల్లజాతివాళ్ళు సైన్యంలో చేరారా?

చేరారు, కానీ వాళ్ళకు కౌంటీ పేరు మీద కంపెనీ లేదు. మొదటి రెండేళ్ళు వాళ్ళను తీసుకోలేదు. 1863 ఆరంభంలో మాసచూసెట్స్ తలుపు తెరిస్తే పక్కనున్న ఫ్రాంక్లిన్ కౌంటీలోని మెర్సర్స్‌బర్గ్ నుంచి కుర్రాళ్ళు అంతదూరం వెళ్ళి 54వ రెజిమెంటులో చేరారు. ఆ వేసవిలో ఫిలడెల్ఫియా బయట నల్లజాతి సైనికుల శిక్షణ కోసం క్యాంప్ విలియం పెన్ తెరిచారు. అక్కడ 11 రెజిమెంట్లు తయారయ్యాయి. గెటిస్‌బర్గ్‌కు చెందిన లాయిడ్ వాట్స్ 24వ నల్లజాతి దళంలో సార్జెంట్‌గా పనిచేశాడు, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పాడు.

వీళ్ళకు ఇంటి దగ్గరి ప్రమాదం వేరే రకం. దక్షిణాది సరిహద్దు పది మైళ్ళ లోపే. 1863 జూన్‌లో లీ సైన్యం పెన్సిల్వేనియాలో నల్లవాళ్ళను, స్వేచ్ఛగా పుట్టినవాళ్ళను సైతం పట్టుకుని బానిసలుగా తోలుకెళ్ళింది. అందుకే చాలా కుటుంబాలు ముందే ఊరు వదిలాయి. జీతంలోనూ తేడా: తెల్ల సిపాయికి 13 డాలర్లైతే వీళ్ళకు 10, అందులో 3 బట్టలకు కోత. ఇది 1864 జూన్‌లో సరిదిద్దారు. చనిపోయాకా తేడానే. జాతీయ శ్మశానంలో చోటు లేకపోవడంతో సన్స్ ఆఫ్ గుడ్ విల్ అనే సంఘం 1867లో కొన్న స్థలంలో పూడ్చుకున్నారు. అదే ఇప్పటి లింకన్ సిమెట్రీ. ఆ దళాల్లో పనిచేసినవాళ్ళు 30 మంది దాకా అక్కడున్నారు.

మా అల్లుడి పూర్వీకుడు ఈ కౌంటీవాడట. ఎలా వెతకాలి?

ఈ ప్రశ్న ఈమధ్య ఎక్కువగా వస్తోంది, సంతోషమే. ముందు పేరు, రెజిమెంటు, కంపెనీ అక్షరం సంపాదించండి. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ సైనికుల జాబితాలో పేరుతో వెతకవచ్చు. పేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా ప్రయత్నించండి. జర్మన్ ఇంటిపేర్లను గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. తర్వాత హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో సైనికుల కార్డులున్నాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సర్వీసు రికార్డు, పెన్షన్ ఫైలు అడగండి. రెండోదే అసలు గని. పెన్షన్ కోసం పెట్టుకున్న అర్జీలో గాయాలు, పెళ్ళి తేదీ, పిల్లల పేర్లు, పక్కింటివాళ్ళ సాక్ష్యాలు అన్నీ ఉంటాయి. భర్త పోయిన ఆడవాళ్ళ ఫైళ్ళు ఇంకా మందంగా ఉంటాయి. గెటిస్‌బర్గ్‌లో ఆడమ్స్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ ఉంది, కుటుంబ చరిత్రలకు అదే మంచి చోటు.

ఒక హెచ్చరిక. యుద్ధభూమిలోని పెద్ద పెన్సిల్వేనియా స్మారకం చుట్టూ కంచు పలకల మీద 34,000కు పైగా పేర్లున్నాయి. అవి గెటిస్‌బర్గ్‌లో పోరాడిన దళాలవి. మీ మనిషి 87వ దళం వాడైతే, సొంత ఊళ్ళోనే అయినా, అక్కడ వెతకకండి.

ఒక్క పూటే ఉంది. వీళ్ళకు సంబంధించినవి ఏమేం చూడొచ్చు?

ఊరికి పడమట చాంబర్స్‌బర్గ్ వీధి చీలే చోట 26వ మిలీషియా కుర్రాడి విగ్రహం ఉంది, కారు దిగి చూడండి. అక్కడి నుంచి మెక్‌ఫర్సన్ కొట్టం, దగ్గర్లోనే బర్న్స్ విగ్రహం. తర్వాత దక్షిణానికి వెళ్ళి గోధుమ చేను పక్కన ఎయర్స్ అవెన్యూలో 1వ రిజర్వ్స్ స్మారకం. బాల్టిమోర్ రోడ్డు మీద శాండో గుర్తు చిన్నది, వేగంగా పోతే కనబడదు. తూర్పు మిడిల్ వీధిలో మాజీ సైనికుల సంఘం హాలు ఉంది, ఆ శాఖకు పెట్టుకున్న పేరు కార్పొరల్ స్కెల్లీ పోస్ట్ నంబర్ 9. లాంగ్ లేన్‌లో లింకన్ సిమెట్రీ చిన్నదే, టూరు బస్సులు ఆగవు, మీరు ఆగండి.

ఎవర్‌గ్రీన్‌ను చివరికి ఉంచుకోండి. స్కెల్లీ, జెన్నీ వేడ్ సమాధులు అక్కడే, దగ్గర దగ్గరగానే ఉంటాయి. ద్వారం పక్కన గర్భవతి అయిన ఒకావిడ పార మీద చెయ్యి ఆన్చి, నుదుటి చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంటుంది. 2002లో పెట్టిన విగ్రహం. ఎవరని పిల్లలు అడుగుతారు. 138వ దళంలోని పీటర్ థార్న్ గారి భార్య అని చెప్పండి.